న్యాయసభలో బాధితుల స్థానం

బెజవాడను ఏలిన మాధవవర్మ కథ తెలుగువారికి సుపరిచితం. రాజకుమారుని రథం కిందపడి ఒక పేదరాలి బిడ్డ ప్రాణాలు విడిచాడు. నేరం చేసినవాడు కన్నకొడుకే అయినా రాజు చలించక మరణదండన విధించాడు. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దుర్గాదేవి నగరంపై కనకవర్షం కురిపించిందని ఐతిహ్యం. ఈ కథ తరతరాలుగా రాజధర్మానికి నిదర్శనంగా నిలిచింది. రాజు పేరు అందరికీ తెలుసు. యువరాజుకు పడిన శిక్ష అందరికీ తెలుసు. మరి బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి పేరేమిటి? తీర్పు వెలువడిన మరునాడు ఆమె బ్రతుకు ఎలా సాగింది? ఈ ప్రశ్నలు కథ చెప్పినవారికీ తోచలేదు, విన్నవారికీ తోచలేదు.

ఇది ఒక్క ఐతిహ్యానికి పరిమితమైన లోపం కాదు. నేటి పత్రికలలోని నేరవార్తలను గమనించినా నిందితుడెవరు, పోలీసులు అతనిని ఎక్కడ పట్టుకున్నారు, న్యాయస్థానం ఎన్నేళ్ల శిక్ష విధించింది అనే విషయాలే ప్రధానంగా కనిపిస్తాయి. దెబ్బతిన్న మనిషి వైద్యానికి ఎంత అప్పు చేశాడు, సాక్ష్యం చెప్పడానికి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకొని పట్టణానికి వచ్చాడు, బెదిరింపులను ఎలా తట్టుకున్నాడు అనే విషయాలు అరుదుగా కనిపిస్తాయి. నేరస్థుని గురించి, అతనికి విధించవలసిన శిక్షను గురించి ఆలోచించే నేరశాస్త్రం పద్దెనిమిదవ శతాబ్ది నుంచి వికసిస్తూ వచ్చింది. నేరానికి గురైనవారిని గురించి ప్రత్యేకంగా ఆలోచించే శాస్త్రం మాత్రం ఇరవయ్యవ శతాబ్ది నడుమ గాని రూపొందలేదు. దానికే బాధితశాస్త్రమని పేరు. విక్టిమాలజీ అని ఆంగ్లంలో వ్యవహరించేది దీనినే.

బాధితులంటే ఎవరు?

నేరం వలన శరీరానికి గాని, మనస్సుకు గాని, ఆస్తికి గాని, గౌరవానికి గాని నష్టం పొందినవారు బాధితులు. హత్య జరిగినప్పుడు మరణించిన వ్యక్తితోపాటు అతనిపై ఆధారపడిన భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు కూడా బాధితులే. ఆపదలో ఉన్నవారిని కాపాడబోయి గాయపడినవారిని సైతం ఐక్యరాజ్యసమితి 1985లో చేసిన ప్రకటన బాధితులుగానే గుర్తించింది. నేరం చేసినది ఎవరో తెలియకపోయినా, తెలిసినా పట్టుబడకపోయినా బాధితులు బాధితులు కాకుండా పోరని ఆ ప్రకటన స్పష్టం చేసింది. ఇది చాలా ముఖ్యమైన అంశం. ఏలయనగా బాధితులనే గుర్తింపు గాయాన్ని బట్టి వచ్చేదే గాని, తీర్పును బట్టి వచ్చేది కాదు.

బాధితశాస్త్రం ప్రధానంగా నాలుగు విషయాలను పరిశీలిస్తుంది. సమాజంలో ఎవరు ఎక్కువగా నేరాలకు గురవుతున్నారు, అందుకు కారణాలేమిటి అనేది మొదటిది. నేరం వలన కలిగే నష్టం ఎన్ని విధాలుగా, ఎంతకాలం కొనసాగుతుంది అనేది రెండవది. పోలీసులు, వైద్యులు, న్యాయస్థానాలు బాధితులతో ఎలా వ్యవహరిస్తున్నాయి అనేది మూడవది. వారిని తిరిగి మామూలు జీవితంలోకి తీసుకురావడానికి ఏమి చేయాలి అనేది నాలుగవది. ఈ నాలుగింటిలో మూడవదే న్యాయవ్యవస్థను నిలదీసే ప్రశ్న.

తగవు నుంచి రాజదండన వరకు

ప్రాచీన సమాజాలలో నేరమంటే రెండు కుటుంబాల మధ్య తగవు. నష్టపోయిన కుటుంబమే న్యాయం కోరేది, పరిహారం పుచ్చుకొనేది. పూర్వపు ఆంగ్లేయ, జర్మన్ తెగలలో మనిషి ప్రాణానికి వెల నిర్ణయించి, హంతకుని కుటుంబం చేత మృతుని కుటుంబానికి ఇప్పించేవారు. ఇస్లామీయ న్యాయంలో దియా అనే రక్తపరిహారం ఇటువంటిదే. మన గ్రామాలలో రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చొని చెప్పిన తీర్పులలో కూడా తప్పు కట్టించడం, నష్టం ఇప్పించడం సాధారణం.

భారతీయ ధర్మశాస్త్రాలు ఈ విషయంలో రాజుకు ఒక గురుతర బాధ్యతను అప్పగించాయి. ప్రజల సొత్తును దొంగలు అపహరిస్తే దానిని తిరిగి సొంతదారుకు ఇప్పించడం రాజధర్మమని, అలా ఇప్పించని రాజుకు ఆ పాపం చుట్టుకుంటుందని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతున్నది. పోయిన సొత్తును రాబట్టలేనప్పుడు రాజు తన ధనాగారం నుంచే చెల్లించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. ప్రజల నుంచి పన్ను పుచ్చుకొన్నవాడు వారి రక్షణకు పూచీ పడినవాడే కాబట్టి, రక్షణ లోపిస్తే నష్టం అతనిదే అన్నది ఇందులోని తర్కం. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను పదమూడవ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయం అనే పేరుతో తెలుగు పద్యకావ్యంగా వెలయించాడు. ఆ విధంగా ధర్మశాస్త్ర విషయాలు తెలుగులో చదువుకొనే అవకాశం ఏడు శతాబ్దాల క్రితమే కలిగింది. అయితే ఆ స్మృతులు బాధితులందరినీ సమానంగా చూడలేదు. నేరం చేసినవాని వర్ణాన్ని, నేరానికి గురైనవాని వర్ణాన్ని బట్టి శిక్షలో హెచ్చుతగ్గులు విధించాయి. కనుక వాటిలోని పరిహార సూత్రాన్ని ప్రశంసించేటప్పుడు వాటి అసమానతను విస్మరించరాదు.

కాలక్రమంలో నేరమనే భావనలోనే మార్పు వచ్చింది. నేరం వ్యక్తికి జరిగిన నష్టం మాత్రమే కాదు, రాజు నెలకొల్పిన శాంతికి భంగమనే సిద్ధాంతం ఇంగ్లండులో బలపడింది. పరిహారంలో కొంత భాగం రాజుకు చెందసాగింది. క్రమంగా జరిమానా మొత్తం రాజుదయింది, ఆరోపణ చేసే అధికారమూ రాజుదే అయింది. నేరమొనర్చినవానికి, నేరానికి గురైనవానికి మధ్య ఉండిన వివాదం నేరస్థునికి, రాజ్యానికి మధ్య వివాదంగా మారిపోయింది.

భారతదేశంలో ఈ మార్పు ఈస్టిండియా కంపెనీ పాలనలో స్పష్టంగా కనిపిస్తుంది. అంతవరకు బెంగాల్ ప్రాంతంలో అమలులో ఉన్న ఇస్లామీయ న్యాయం ప్రకారం హతుని వారసులు హంతకుని క్షమించి విడిచిపెట్టవచ్చు. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ 1790 తరువాతి సంస్కరణలలో ఈ హక్కును తొలగించి, శిక్ష నిర్ణయించడం పూర్తిగా రాజ్యం చేతిలో ఉంచాడు. ఈ మార్పును కేవలం అన్యాయంగా భావించరాదు. ధనవంతుడైన హంతకుడు పేద వారసులను భయపెట్టి గాని, డబ్బుతో లోబరచుకొని గాని క్షమాపణ పొందే దురాచారానికి అది అడ్డుకట్ట వేసింది. బలహీనుని పక్షాన రాజ్యమే నిలబడి వాదించడం గొప్ప మేలు. కాని ఆ మేలుతోపాటు ఒక నష్టం కూడా వచ్చిపడింది. తన తరఫున రాజ్యమే వాదిస్తున్నది కాబట్టి బాధితునికి ఆ వ్యాజ్యంలో సాక్షి స్థానం తప్ప మరే స్థానమూ మిగలలేదు. పిలిచినప్పుడు రావడం, అడిగినదానికి జవాబు చెప్పడం, వెళ్లిపోవడం అతని వంతయింది.

బాధితశాస్త్ర ఆవిర్భావం

ఈ మరుగుపడిన మనిషిపై విద్వాంసుల దృష్టి రెండవ ప్రపంచయుద్ధానంతరం పడింది. రుమేనియాకు చెందిన న్యాయవాది బెంజమిన్ మెండెల్సన్ 1947లో ఈ శాస్త్రానికి నామకరణం చేసినట్లు చెబుతారు. నాజీల కాలంలో జర్మనీ విడిచి అమెరికాలో స్థిరపడిన నేరశాస్త్రజ్ఞుడు హాన్స్ ఫాన్ హెంటిగ్ 1948లో నేరస్థునికి, బాధితునికి గల సంబంధాన్ని విశ్లేషిస్తూ ఒక గ్రంథం రచించాడు. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు, వలసవచ్చినవారు, అల్పసంఖ్యాకులు మొదలైనవారు నేరాలకు సులభంగా గురికావడానికి గల కారణాలను ఆయన పరిశీలించాడు.

అయితే ఈ శాస్త్రపు తొలి అడుగులే తడబడ్డాయి. నేరం జరగడంలో బాధితుని పాత్ర ఎంత అనే ప్రశ్నకు తొలితరం పండితులు అధిక ప్రాధాన్యమిచ్చారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1948 నుంచి 1952 వరకు జరిగిన 588 హత్యలను మార్విన్ వుల్ఫ్‌గాంగ్ అధ్యయనం చేసి, వాటిలో సుమారు 26 శాతం సంఘటనలలో మరణించినవాడే మొదట దాడికి దిగినట్లు 1958లో ప్రకటించాడు. ఇద్దరు మనుషులు కలియబడిన సందర్భంలో ఈ పరిశీలన సమంజసమే కావచ్చు. కాని తరువాతివారు ఇదే కొలతను అత్యాచారానికి గురైన స్త్రీలకు కూడా వర్తింపజేశారు. ఆమె ఆ వేళప్పుడు అక్కడికి ఎందుకు వెళ్లింది, ఆమె నడవడి ఎటువంటిది అనే ప్రశ్నలకు శాస్త్రం ముసుగు లభించింది. అమెరికన్ రచయిత విలియం ర్యాన్ 1971లో ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాడు. బాధితులనే నిందించడం బలవంతులు తమ బాధ్యత నుంచి తప్పించుకొనే మార్గమని ఆయన నిరూపించాడు. ఆ విమర్శ తరువాత బాధితశాస్త్రం తన దృష్టిని మార్చుకొంది. బాధితుని తప్పు వెదకడం మాని, బాధితుని అవసరాలను తెలుసుకోవడానికి పూనుకొంది.

నార్వే దేశపు నేరశాస్త్రజ్ఞుడు నిల్స్ క్రిస్టీ 1986లో మరొక సూక్ష్మమైన అంశాన్ని ఎత్తిచూపాడు. సమాజం అందరు బాధితులపట్ల ఒకే విధంగా జాలి చూపదు. బాధితులు బలహీనులై ఉండాలి, మంచిపనిపై వెళుతూ ఉండాలి, దాడి చేసినవాడు అపరిచితుడై, బలవంతుడై ఉండాలి. అప్పుడే అందరి సానుభూతి లభిస్తుంది. తాగిన మత్తులో దెబ్బలు తిన్నవానికి, కట్టుకొన్న భర్త చేతిలో హింసకు గురైన స్త్రీకి, జైలులో కొట్టబడిన ఖైదీకి ఆ సానుభూతి అంత సులభంగా దొరకదు. న్యాయం సానుభూతిని బట్టి కాక హక్కును బట్టి లభించాలనడానికి ఇదే కారణం.

పరిహారం విషయంలో ఇంగ్లండుకు చెందిన సంఘసంస్కర్త మార్జరీ ఫ్రై చేసిన కృషి చిరస్మరణీయమైనది. ఆమె ఒక నిజమైన వ్యాజ్యాన్ని ఉదాహరించింది. ఇద్దరు దుండగుల దాడిలో ఒక మనిషి చూపు కోల్పోయాడు. న్యాయస్థానం అతనికి 11,500 పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. జైలు నుంచి విడుదలైన ఆ ఇద్దరూ పేదవారు కావడంతో ఒక్కొక్కరు వారానికి ఐదు షిల్లింగుల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. లెక్కవేస్తే ఆ మొత్తం తీరడానికి 442 సంవత్సరాలు పడుతుంది. నేరస్థుని చేత మాత్రమే పరిహారం ఇప్పించాలనుకుంటే అది కాగితం మీది అంకెగానే మిగిలిపోతుందని, పౌరుని రక్షించలేకపోయిన రాజ్యమే ముందుకు రావాలని ఆమె వాదించింది. ఈ వాదం ఫలించి న్యూజిలాండ్ 1963లో చట్టం చేసింది. 1964లో బ్రిటన్, 1965లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ప్రభుత్వ పరిహార పథకాలను ప్రవేశపెట్టాయి. సొత్తు రాబట్టలేని రాజు తన ధనాగారం నుంచి చెల్లించాలన్న అర్థశాస్త్ర సూత్రం, ఫ్రై వాదం వేరువేరు కాలాలలో ఒకే నిర్ణయానికి చేరుకోవడం గమనార్హం.

1973లో జెరూసలేంలో బాధితశాస్త్రంపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 1979లో ప్రపంచ బాధితశాస్త్ర సంఘం ఏర్పడింది. ఈ కృషి ఫలితంగా 1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ బాధితుల హక్కులపై ఒక ప్రకటనను ఆమోదించింది. న్యాయం అందుబాటులో ఉండడం, గౌరవంతో కూడిన వ్యవహారం, నేరస్థుని నుంచి నష్టం రాబట్టడం, రాజ్యం నుంచి పరిహారం, వైద్య మానసిక సామాజిక సహాయం ఆ ప్రకటనలోని ముఖ్యాంశాలు.

రెండవ గాయం

నేరం వలన కలిగేది మొదటి గాయం. న్యాయం కోరి వెళ్లినచోట కలిగే అవమానం, నిర్లక్ష్యం, కాలయాపన రెండవ గాయం. బాధితశాస్త్రం వెలికితీసిన సత్యాలలో ఇది మిక్కిలి ప్రధానమైనది. భారతంలోని సభాపర్వం చదివినవారికి ఈ రెండవ గాయం కొత్తది కాదు. సభకు ఈడ్చి తేబడిన ద్రౌపది అక్కడి పెద్దలను ఒక ధర్మప్రశ్న అడిగింది. తనను తాను ఓడిపోయినవానికి నన్ను పణంగా ఒడ్డే అధికారం ఉన్నదా అన్నది ఆ ప్రశ్న. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. తక్కిన పెద్దలు తలలు వంచుకొన్నారు. ఆమె పక్షాన మాట్లాడిన వికర్ణుని కర్ణుడు గద్దించాడు. అవమానం చేసినవారిని నిలదీయవలసిన సభ, అవమానం పొందిన ఆమె ప్రశ్నకు జవాబు చెప్పలేక నిలిచిపోయింది. దుశ్శాసనుని చేయి ఎంత బాధించిందో, సభ మౌనం అంతకు తక్కువగా బాధించలేదు.

ఆధునిక న్యాయస్థానాలలోనూ ఇటువంటి సందర్భాలున్నాయి. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసు స్టేషనులో ఒక ఆదివాసీ బాలికపై పోలీసులు అత్యాచారం జరిపారన్న ఆరోపణపై విచారణ జరిగింది. క్రింది కోర్టు నిందితులను విడిచిపెట్టగా, హైకోర్టు శిక్షించింది. 1978లో సుప్రీంకోర్టు వారిని తిరిగి విడుదల చేసింది. ఆమె శరీరంపై గాయాలు లేవు కాబట్టి ఆమె ప్రతిఘటించలేదని, ప్రతిఘటించలేదు కాబట్టి అంగీకరించిందని భావించింది. భయానికి వశమైపోవడం అంగీకారమెట్లా అవుతుందని ప్రశ్నిస్తూ 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశవ్యాప్తంగా మహిళలు ఉద్యమించారు. 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధం వంటి పరిస్థితులలో జరిగిన నేరాలలో తాను అంగీకరించలేదని బాధితురాలు చెబితే న్యాయస్థానం ఆ మాటను సత్యంగా స్వీకరించి విచారణ ప్రారంభించాలని, ఇటువంటి విచారణలు రహస్యంగా జరగాలని, బాధితురాలి పేరు వెల్లడించడం నేరమని ఆ సవరణ నిర్దేశించింది. అయినా ఆమె శీలాన్ని గురించి ప్రశ్నించే అవకాశం సాక్ష్య చట్టంలో మరో ఇరవై ఏళ్లపాటు కొనసాగి, 2003లో గాని తొలగిపోలేదు.

1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మరొక మలుపు. పాఠశాల విద్యార్థిని అయిన బాధితురాలి మాటను నమ్మక, ఆమె శీలంపై వ్యాఖ్యలు చేసిన క్రింది కోర్టును సర్వోన్నత న్యాయస్థానం మందలించింది. ఆమె సాక్ష్యం నమ్మదగినదైతే వేరే సాక్ష్యం కోసం వెదకనక్కరలేదని, ప్రశ్నల పేరిట ఆమెను వేధిస్తుంటే న్యాయాధిపతి మౌనప్రేక్షకుడుగా కూర్చోరాదని స్పష్టం చేసింది.

బాధితులు న్యాయస్థానానికి వెళ్లలేని స్థితిలో న్యాయస్థానమే బాధితుల చెంతకు వచ్చిన ఉదాహరణ తెలుగునేలపై ఉన్నది. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. పట్టణంలో విచారణ జరిగితే సాక్షులు భయం లేకుండా వచ్చిపోవడం కష్టమని, తమ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం నెలకొల్పాలని బాధితులు పట్టుబట్టారు. చివరకు షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం క్రింద చుండూరులోనే విచారణ జరిగింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఏడాది శిక్షను విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. సంఘటనకు, తొలి తీర్పుకు మధ్య పదహారేళ్లు గడిచాయి. తీర్పుల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, విచారణ ఎక్కడ జరగాలనే విషయంలో బాధితుల మాట చెల్లడం భారత న్యాయచరిత్రలో విశేషమైన ఘట్టం. ఈ చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితుల, సాక్షుల హక్కుల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని చేర్చింది. నిందితుని బెయిలు విచారణ సమయంలో సైతం తమ మాట వినిపించే హక్కు దాని ద్వారా వారికి లభించింది.

చట్టంలో వచ్చిన మార్పులు

నేరస్థుని నుంచి వసూలైన జరిమానాలో కొంత బాధితులకు ఇప్పించే అవకాశం 1898 నాటి నేర విచారణ స్మృతిలోనే ఉన్నది. 1973 నాటి స్మృతి 357వ సెక్షను ద్వారా, జరిమానా విధించని సందర్భంలో కూడా పరిహారం ఇప్పించే అధికారాన్ని న్యాయస్థానాలకు కల్పించింది. కాని ఆ అధికారం చాలాకాలం నిద్రాణంగానే ఉండిపోయింది. దానిని ఉదారంగా వినియోగించాలని సుప్రీంకోర్టు 1988లో హరిసింగ్ కేసులో సూచించింది. ప్రతి నేరవిచారణలోనూ పరిహారం సంగతి ఆలోచించడం న్యాయస్థానాల విధి అని 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో స్పష్టం చేసింది.

2008లో రూపొంది 2009 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఈ చరిత్రలో మైలురాయి. బాధితుడనే పదానికి స్మృతిలో తొలిసారిగా నిర్వచనం లభించింది. నిందితుడు నిర్దోషిగా విడుదలైతే ఆ తీర్పుపై బాధితులే అప్పీలు చేసుకొనే హక్కు వచ్చింది. ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహార పథకాన్ని ఏర్పరచాలనే నియమం వచ్చింది. నేరస్థుడు ఎవరో తెలియక విచారణే జరగకపోయినా బాధితులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంస్థ రెండు నెలల్లో విచారణ పూర్తిచేయాలి. 2013లో చేసిన సవరణతో ఆమ్లదాడికి, అత్యాచారానికి గురైనవారికి ప్రభుత్వ ఆసుపత్రులే కాక ప్రైవేటు ఆసుపత్రులు కూడా వెంటనే ఉచితంగా చికిత్స చేయవలసిన బాధ్యత ఏర్పడింది. 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటా అమలు చేయాలని ఆదేశించింది.

2024 జూలై 1 నుంచి పాత స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పై హక్కులను అది కొనసాగించింది, మరికొన్నింటిని చేర్చింది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని బాధితులకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజులలోగా వారికి తెలియజేయాలి. ప్రభుత్వం కేసును ఉపసంహరించుకోదలచినప్పుడు బాధితుల మాట వినకుండా న్యాయస్థానం అనుమతించరాదు. సాక్షిగా వచ్చి వెళ్లిపోయిన మనిషికి తన వ్యాజ్యం గురించి తెలుసుకొనే హక్కు, తన మాట వినిపించే హక్కు ఈ విధంగా ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి.

సంస్థలలోనూ మార్పు కనిపిస్తున్నది. బాధితురాలు పోలీసు స్టేషనుకు, ఆసుపత్రికి, న్యాయవాది దగ్గరకు విడివిడిగా తిరిగి జరిగిన సంగతిని పదిమందికి పదిసార్లు చెప్పుకోవలసిన దుస్థితిని తప్పించడానికి కేంద్రప్రభుత్వం 2015లో సఖి కేంద్రాలను ప్రారంభించింది. 2016లో హైదరాబాదు పోలీసులు భరోసా కేంద్రాన్ని నెలకొల్పారు. వైద్యం, మానసిక ధైర్యం, న్యాయసలహా, వాంగ్మూల నమోదు ఒకేచోట జరగడం వీటి ప్రత్యేకత.

బాధితులను సృష్టించేది నేరస్థులు మాత్రమే కాదు, అధికార దుర్వినియోగం కూడా. బీహారులో నిర్దోషిగా తీర్పు పొందిన తరువాత కూడా పద్నాలుగేళ్లపాటు జైలులోనే ఉండిపోయిన ఒక వ్యక్తికి 1983లో సుప్రీంకోర్టు 35,000 రూపాయల పరిహారం ఇప్పించింది. రాజ్యం చేసిన తప్పుకు రాజ్యమే మూల్యం చెల్లించాలనే సూత్రం ఆ తీర్పుతో బలపడింది.

హక్కుల సమతౌల్యం

బాధితుల హక్కులను గుర్తించడమంటే నిందితుని హక్కులను తోసిపుచ్చడం కాదు. నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషియే. తన పక్షాన న్యాయవాదిని నియమించుకోవడం, సాక్షులను ప్రశ్నించడం అతని హక్కు. బాధితుని కన్నీరు చూసి ఆగ్రహించి అమాయకుని శిక్షిస్తే ఒక బాధితునికి మారుగా ఇద్దరు బాధితులు మిగులుతారు, అసలు దోషి తప్పించుకుంటాడు. సత్యాన్ని రాబట్టడానికి వేసే ప్రశ్న వేరు, అవమానించడానికి వేసే ప్రశ్న వేరు. మొదటిదానిని కాపాడుతూ రెండవదానిని నివారించడమే న్యాయాధిపతి నేర్పు. అలాగే పగ తీర్చుకోవడం బాధితుల హక్కులలో ఒకటి కాదు. చాలామంది బాధితులు కోరేది తమకు జరిగినది అన్యాయమని పదిమంది ఎదుట గుర్తింపు పొందడం, అది మరొకరికి జరగకుండా చూడడం.

చట్టంలో హక్కు ఉండడం ఒక ఎత్తు, అది అనుభవంలోకి రావడం మరొక ఎత్తు. పరిహారం తనంతట తాను ఇంటికి నడిచి రాదు. దరఖాస్తు చేయాలి, పత్రాలు జతపరచాలి. అటువంటి పథకం ఉన్నదని తెలియని కుటుంబాలకు అది లేనట్లే. ఉచిత న్యాయసహాయానికి 15100, మహిళలకు 181, బాలలకు 1098, అత్యవసర సహాయానికి 112 సంఖ్యలు ఉన్నాయి. చదువుకొన్న యువకులు తమ ఊరిలోని ఒక్క కుటుంబానికి ఈ సమాచారం అందించి, ఒక దరఖాస్తు రాసిపెట్టినా అది న్యాయసేవయే.

అంతకుమించి చేయవలసినది మాటలో జాగ్రత్త. నేరం జరిగిందని వినగానే ఆమె అక్కడికి ఎందుకు వెళ్లింది, అతడు అంత సొమ్ము వెంట ఎందుకు ఉంచుకొన్నాడు అని అడగడం లోకంలో పరిపాటి. ఆ ప్రశ్న వేసినవారికి అది కేవలం ఒక మాట. దానిని విన్న బాధితులు మరుసటి రోజు పోలీసు స్టేషను మెట్లెక్కడానికి వెనుకాడుతారు, సాక్ష్యం చెప్పడానికి జంకుతారు. అక్కడితో ఒక వ్యాజ్యం వీగిపోతుంది, ఒక దోషి ధైర్యంగా తిరుగుతాడు. న్యాయవ్యవస్థ న్యాయస్థానంలో మొదలుకాదు. ఇరుగుపొరుగు అడిగే తొలి ప్రశ్నతోనే మొదలవుతుంది. నీవేమి చేశావు అని కాక, నీకేమి కావాలి అని అడగగలిగిన సమాజంలోనే బాధితులకు న్యాయసభలో తగిన స్థానం లభిస్తుంది.